గడువు లోపలే

ఇనుప బీరువా తలుపు ఎప్పటిలాగే సగం దాకా వచ్చి మొరాయించింది. గడువయ్య కింద మోకాలితో ఒక పోటు పొడిచి, పైన అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే కిర్రుమంటూ దారికొచ్చింది. లోపలి నుంచి పాత కాగితాల వాసనా, కలరా ఉండల వాసనా కలగలిసి ముక్కుకు తగిలాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన రోజు మొదలయ్యేది ఈ వాసనతోనే.

రెండో అరలోంచి ఎర్ర గుడ్డ అట్ట వేసిన రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకా ఎవరూ రాలేదు. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయని వేసుకోలేదు. పొట్టి మనిషి. బుగ్గలు లోపలికి పోయాయి. చెవులు మాత్రం పెద్దవి. ఎవరో పిలుస్తారేమోనని ఎప్పుడూ కాచుకుని ఉన్నట్టుంటాయి. కుడిచేతి చూపుడు వేలి కొసన ఎర్ర సిరా మరక ఏ సబ్బుకూ లొంగక చర్మంలో కలిసిపోయింది. కళ్లజోడు సర్దుకుని, తడి స్పాంజి మీద వేలు అద్ది పేజీలు తిప్పాడు. ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టిన ఒక తేదీ దగ్గర వేలు ఆగింది.

ఇవాళే.

ఇవాళేనని మూడు నెలలుగా తెలుసు. అయినా గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి చూశాడు, అదేమైనా వేరే మాట చెబుతుందేమోనని.

ఆ బీరువాలో ఉన్నవన్నీ హామీ పత్రాలు. ప్రభుత్వం ఎవరికైనా ఒక పని అప్పగిస్తే, అది రోడ్డు కానీ, ఆసుపత్రి గోడ కానీ, ఆ మనిషి ముందుగా ఒక బ్యాంకు చేత కాగితం రాయించి తేవాలి. ఇతను పని సరిగ్గా చెయ్యకపోతే ఫలానా మొత్తం మేం కడతాం, అడిగిన రోజే కడతాం, ఎందుకని ఎదురు ప్రశ్న వెయ్యం అని బ్యాంకు అందులో ఒప్పుకుంటుంది. ఊరికే ఒప్పుకోదు. పెద్ద కాంట్రాక్టరైతే మేనేజరే కాగితం పట్టుకుని ఎదురొస్తాడు. చిన్నవాడైతే ఇంటి పత్రాలు తాకట్టు పెట్టుకుంటుంది. పని పూర్తయి, ఏడాది పాటు ఏ లోపమూ బయటపడకుండా నడిస్తే ఇంజనీరు సర్టిఫికెట్ ఇస్తాడు. అప్పుడు హామీ పత్రం వెనక్కి పోతుంది, ఇంటి పత్రాలు ఇంటికొస్తాయి. ఈ లోపల ప్రతి హామీకీ ఒక గడువు. గడువు రోజున బ్యాంకు మూసేలోగా అడిగితేనే డబ్బు. మర్నాడు అడిగితే ఆ కాగితం పొట్లం కట్టుకోవడానికి పనికొస్తుంది.

ఆ తేదీల్ని కనిపెట్టుకుని ఉండటమే ఆయన ఉద్యోగం. గడువయ్య అన్న పేరు ఎవరో ఎగతాళికి పెట్టారు, అదే నిలిచిపోయింది. ఒకసారి ఆయన భార్య ఆఫీసుకు ఫోన్ చేసి అసలు పేరు చెప్పి పిలవమంటే, "అలాంటివారు ఇక్కడ ఎవరూ లేరమ్మా" అని పెట్టేశారట. ఫోనెత్తింది పక్క బల్ల టైపిస్టు. పదేళ్లుగా ఆయన పక్కనే కూర్చుంటున్నాడు.

ఎర్ర సున్న చుట్టిన హామీ పైపుల మేస్త్రిది. నలభై రెండు బళ్లలో మంచినీళ్ల కుళాయిలు బిగించే పని.

మేస్త్రి మొదట్లో సైకిలుకి పానాల సంచీ తగిలించుకుని, ఇంటింటికీ తిరిగి కారే కుళాయిలు బాగుచేసేవాడు. తర్వాత పెద్ద కాంట్రాక్టర్ల కింద పదిహేనేళ్లు పని చేశాడు. పని ఇతనిది, పేరు వాళ్లది. ఒక్కసారైనా మన పేరు మీద చేద్దాం అని భార్య అంటే, ఉన్న రెండు గదుల ఇల్లు బ్యాంకులో పెట్టి హామీ రాయించాడు. దాన్ని మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి, ప్లాస్టిక్ సంచీలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. గడువయ్య "కూర్చోండి" అంటే, ఎవరితో అంటున్నాడోనని వెనక్కి తిరిగి చూశాడు. లావు మణికట్లు, బొటనవేలికి గోరు లేదు. కుర్చీ అంచున కూర్చుని, "ఇది మీ దగ్గర జాగ్రత్తగా ఉంటుంది కదండీ?" అని అడిగాడు.

"నా దగ్గర ఏదీ పోదు," అన్నాడు గడువయ్య. ఆ మాట నిజం.

పని రెండు నెలల ముందే పూర్తయింది. ఏడాది కాపలా గడువూ గడిచింది. నలభై రెండు బళ్ల హెడ్మాస్టర్లూ బాగుందని ఉత్తరాలిచ్చారు. సర్టిఫికెట్ టైపు చేసి పెట్టే రోజుకు పాత ఇంజనీరు బదిలీ అయ్యాడు. కొత్తాయన వచ్చి, నేను చూడని పనికి నేనెలా సంతకం పెట్టను అన్నాడు. చూడటానికి మాత్రం వెళ్లలేదు. ఎనిమిది నెలలైంది. రెండుసార్లు మేస్త్రి బ్యాంకు చుట్టూ తిరిగి హామీ పొడిగించుకొచ్చాడు. మూడోసారి బ్యాంకు ఇంకో తాకట్టు అడిగింది. తాకట్టు పెట్టడానికి అతని దగ్గర మిగిలింది పానాల సంచీ. ఆపైన కడుపులో నొప్పితో ఆసుపత్రి మంచాన పడ్డాడు. నెల రోజులుగా అతని భార్య వస్తోంది. వచ్చినప్పుడల్లా గడువయ్య ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, "ఇవాళ కూడా సంతకం కాలేదమ్మా" అని ఉన్నమాట చెప్పి పంపాడు.

ఇప్పుడు పదిన్నరకు ఆయన తెల్ల కాగితం తీసుకుని, ముప్పై ఒక్క ఏళ్లుగా చేయి తిరిగిన అక్షరాలతో, బ్యాంకుకు ఉత్తరం రాశాడు. 'హామీ గడువు నేటితో ముగియుచున్నందున, పొడిగింపు అందనందున, సదరు మొత్తమును వెంటనే చెల్లించవలసినది.' టైపిస్టుకిచ్చాడు. టైపిస్టు చదివి, "పాపం, మేస్త్రిదా?" అన్నాడు. అని, మూడు ప్రతులు కొట్టాడు.

మధ్యాహ్నం డబ్బా విప్పబోతుంటే భార్య ఫోన్ చేసింది.

"అమ్మాయి మళ్లీ కంటి డాక్టరు దగ్గరికెళ్లిందట."

"ఏమన్నారట?"

"నాకు చెప్పింది. మీకు చెప్పమనలేదు," అంది భార్య. "చుక్కల మందు మార్చారట. కంగారేం లేదు."

ఫోన్ పెట్టేశాక ఆయన డబ్బాలో ఉన్నది సగమే తిన్నాడు.

ఇరవై రెండేళ్ల కిందట కూడా ఇలాంటి రోజే. జేబులో బ్యాంకుకు ఇవ్వాల్సిన ఉత్తరం ఉంది. సగం రోడ్డు తవ్వి పారిపోయిన ఒక పెద్ద కాంట్రాక్టరు తాలూకు హామీ. దారిలో ఉండగా, బడిలో ఏడేళ్ల కూతురి ఎడమ కంట్లో కర్రపుల్ల గుచ్చుకుందని కబురొచ్చింది. ఆయన పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. కన్ను దక్కింది. జేబులో ఉత్తరం గుర్తొచ్చేసరికి బ్యాంకు తలుపులు మూసేశారు. మర్నాడు కాంట్రాక్టరు మనిషి ఆఫీసుకొచ్చి అందరికీ నవ్వుతూ నమస్కారాలు పెట్టి పోయాడు. గడువయ్యకు ఛార్జి మెమో వచ్చింది. 'వ్యక్తిగత కారణముల వలన ప్రభుత్వ ధనమునకు నష్టము కలిగించినందున' అని రాశారు. పదకొండేళ్లు జీతంలోంచి కోసుకున్నారు. కొనుక్కుందామనుకున్న ఇల్లు మాటల్లోనే ఉండిపోయింది. కూతురికి పద్దెనిమిదేళ్లప్పుడు, ఏదో చదువు గురించి ఇంట్లో మాటా మాటా పెరిగి, "నీ కన్ను నాకు పదకొండేళ్ల జీతం" అనేశాడు. అన్నది ఒక్కసారే. ఆ పిల్ల ఆ తర్వాత చదువు ముగించి, ఉద్యోగం చూసుకుని, వేరే ఊరు వెళ్లిపోయి, తల్లికి మాత్రమే ఫోన్ చేస్తోంది.

ఆ మెమో తర్వాత ఆయన ఒక్క గడువూ తప్పలేదు. కన్నతల్లి పోయిన రోజు పొద్దున్న కబురు తెలిసీ, ముందు బ్యాంకుకు వెళ్లి ముద్ర వేయించుకుని, తర్వాత ఇంటికి వెళ్లాడు. ఆఫీసులో అందరూ మనిషంటే అలా ఉండాలన్నారు. ఇంట్లో భార్య నెల రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు.

రెండున్నరకు ఇంజనీరు పిలిచాడు. నలభై దాటని మనిషి. బల్ల మీద ఫైళ్లు ఎత్తుగా పేర్చుకుని వాటి వెనక కూర్చుంటాడు. వెనకటి చోట ఆయన స్నేహితుడొకడు చూడని వంతెనకు సంతకం పెట్టి విచారణలో ఇరుక్కున్నాడు. అప్పట్నుంచీ ఈయన కలం తీయాలంటే పాము బుట్టలో చెయ్యి పెట్టినట్టు చేస్తాడు.

ఉత్తరం చదివి, "కరెక్టుగా ఉంది," అన్నాడు.

గడువయ్య వెళ్లకుండా నిలబడ్డాడు. "సార్, మేస్త్రి పని పూర్తయి ఇరవై నెలలు దాటిందండి. ఉత్తరాలన్నీ ఫైల్లోనే ఉన్నాయి. సర్టిఫికెట్ మీద మీ సంతకం ఒక్కటే తక్కువ."

ఇంజనీరు తలెత్తాడు. ఈ గుమాస్తా అడగని మాట చెప్పడం ఆయన ఎప్పుడూ వినలేదు.

"రేపు ఏదో బళ్లో కుళాయి ఊడి పిల్లాడి నెత్తిన పడితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? మీకా, నాకా?"

"చూసి వద్దామండి. మూడు బళ్లు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి."

"నలభై రెంటిలో మూడు చూసి మొత్తం బాగుందని రాయమంటారా?"

"అతని ఇల్లు తాకట్టులో ఉందండి."

"డబ్బెక్కడికీ పోదండీ! గవర్నమెంటు ఖాతాలో భద్రంగా ఉంటుంది. సర్టిఫికెట్ అయ్యాక వాపసుకు అర్జీ పెట్టుకోమనండి. ఇవాళ వదిలేస్తే ఆడిట్ వాళ్లు ముందు ఎవర్ని అడుగుతారో మీకు నేను చెప్పాలా?" ఇంజనీరు గొంతు కాస్త తగ్గించాడు. "నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు. హాయిగా వెళ్లిపోక ఎందుకండీ ఇదంతా?"

ఆయన ఉత్తరం మీద సంతకం పెట్టాడు. చెయ్యి ఈసారి తడబడలేదు.

మూడింటికి గడువయ్య అసలు హామీ పత్రాన్ని బీరువాలోంచి తీశాడు. అప్పటి రెండు అట్టలూ అలాగే ఉన్నాయి. ఉత్తరంతో కలిపి ఫైల్లో పెట్టి చంకన పెట్టుకుని బయల్దేరాడు. బ్యాంకు ఇరవై నిమిషాల నడక. ఎండ నెత్తి మీద నుంచి పక్కకు ఒరిగింది కానీ వేడి తగ్గలేదు. టైర్ల దుకాణం, చెప్పులు కుట్టే అతని గొడుగు, గోడకు ఆనించిన పాత తలుపులు అమ్మే చోటు అన్నీ దాటాడు. ఆయన నడక ఎప్పుడూ ఒకటే వేగం. వెనక నుంచి చూస్తే ఎవరో తాడు కట్టి ముందు నుంచి లాగుతున్నట్టుంటుంది.

బడి దగ్గర మాత్రం ఆగాడు. రోజూ చూసే బడే. గేటు బార్లా తెరిచి ఉంది. గోడ వెంట పలకల గట్టు, దాని మీద వరసగా పదకొండు కుళాయిలు. ఆయన లోపలికి వెళ్లి మొదటిది తిప్పాడు. నీళ్లు ధారగా వచ్చాయి. కట్టేశాడు. చుక్క కారలేదు. రెండోది తిప్పాడు. మూడోది. పదకొండూ తిప్పి చూశాడు. పైపు గోడలోకి వెళ్లేచోట సిమెంటు నున్నగా, వేలితో దిద్దినట్టు ఉంది. చివరి కుళాయి కింద దోసిలి పట్టి నీళ్లు తాగి, ముఖం కడుక్కున్నాడు.

వరండాలో కూర్చున్న ఆయా, "ఎవరు మీరు? చెకింగుకొచ్చారా?" అంది.

"అవునమ్మా."

"బాగానే ఉన్నాయని రాసుకోండి. వేసినాయన ఆ మధ్య జబ్బుతో కూడా వచ్చి చూసిపోయాడు. రమ్మని ఎవరూ పిలవలేదు."

ఆయన తలూపి బయటికి వచ్చాడు. చెకింగు చేశాడు. దాన్ని రాయడానికి ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు.

బ్యాంకులో జనం పలచబడ్డారు. నాలుగింటికి తలుపులు మూస్తారు. గోడ గడియారం నాలుగు కావడానికి పదిహేను నిమిషాలు చూపిస్తోంది. మేనేజరు ముప్పై అయిదేళ్ల మనిషి, జుట్టు గట్టిగా ముడి వేసుకుని, బల్ల మీద ఒక్క కాగితం లేకుండా ఉంచుకుంటుంది. ఉత్తరం చదివి, హామీ పత్రం చదివి, మళ్లీ ఉత్తరం చదివింది.

"ఈయన పని పూర్తి చేశారని విన్నానే. అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేవారు ఇక్కడ."

"పూర్తి చేశాడండి."

"మరి ఇదేంటి?"

"సర్టిఫికెట్ కాలేదండి."

"అడగడానికి నాకు హక్కు లేదు. కాగితం గడువు లోపల వస్తే కట్టాల్సిందే. రేపు ఆయన ఇంటికి నోటీసు పోతుంది. తెలుసుగా?"

"తెలుసండి."

ఆవిడ అద్దాల అవతల గడియారం వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసింది. ఉత్తరాన్ని ఆయన వైపే బల్ల మీద కొంచెం జరిపింది.

"మీరు ఎండన పడొచ్చారు. నాకు లోపల చిన్న పనుంది, పావుగంట పడుతుంది. టీ తెప్పిస్తాను. తాగి, అప్పుడివ్వండి దీన్ని."

గడువయ్యకు అర్థమైంది. కుర్చీ మెత్తగా ఉంది, గది చల్లగా ఉంది. టీ వస్తుంది. ఊదుకుని ఊదుకుని తాగితే పావుగంట ఎంతసేపు? గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఈ కాగితం చిత్తు కాగితం. ఇల్లు మేస్త్రిదే. ఒక్క టీ. కాళ్లు నొప్పులు పుట్టి దారిలో కూర్చున్నానంటే ఎవరు కాదనగలరు? యాభై ఎనిమిదేళ్లు.

ఆ వెంటనే మెమో వచ్చే తెల్ల కవరు కళ్లముందుకొచ్చింది. అందులో ఈసారి ఏం రాస్తారో అక్షరం పొల్లుపోకుండా తెలుసు: 'గతమున కూడ ఇదే విధమైన నిర్లక్ష్యము'. పింఛను ఆపుతారు. అద్దె ఇంటి వరండాలో కుట్టు మిషను ముందు వంగి కూర్చున్న భార్య వీపు కనిపించింది. కూతురు కనిపించింది. సొంత బిడ్డ కంటికోసం ఒక్కసారి గడువు తప్పినందుకు ఆ బిడ్డనే అనరాని మాట అన్నవాడు, ఇప్పుడు పరాయివాడి ఇంటికోసం ఎలా తప్పుతాడు? తప్పితే ఆ మాటకు ఇక అర్థమేముంటుంది?

మేనేజరు లేచి నిలబడింది.

"ముందు ముద్ర వేసి ఇవ్వండమ్మా," అన్నాడు గడువయ్య. "టీ వద్దు."

ఆవిడ మళ్లీ కూర్చుంది. సొరుగులోంచి ముద్ర తీసి, సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కి, పక్కన సమయం వేసింది. మూడు గంటల యాభై నిమిషాలు. ప్రతిని ఆయన చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టి వదిలేసింది.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ముద్ర వేసిన ప్రతి ఇంజనీరు బల్ల మీద పెట్టాడు. ఇంజనీరు దాన్ని చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. పొద్దుటి నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలినట్టు ముఖం తేటపడింది.

"గడువయ్యగారంటే గడువయ్యగారే! ఇక భయం లేదు. డబ్బు మన చేతిలో ఉన్నట్టే. రేపేదైనా ఊడినా మనకేం?" అంటూ ఫైళ్ల గుట్టలో అడుగు నుంచి ఒక కాగితం లాగాడు. ఎనిమిది నెలల దుమ్ము దులిపాడు. "ఆ సర్టిఫికెట్టేదో ఇప్పుడే ఇచ్చేద్దాం. పాపం, ఎన్నాళ్లని తిప్పుతాం?"

సంతకం పెట్టాడు. ఒక్క కుళాయి కూడా చూడలేదు.

గడువయ్య సర్టిఫికెట్ పట్టుకుని తన బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. రిజిస్టరు తెరిచి, మేస్త్రి పేరున్న వరసలో, చివరి గడిలో, 'గడువు లోపలే క్లెయిము చేయబడినది' అని రాశాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, సమంగా వచ్చాయి. అందుకు ఆయనకు తన చేతి మీదే అసహ్యం వేసింది.

అయిదు దాటాక మేస్త్రి భార్య వచ్చింది. టైపిస్టు వెళ్లిపోయాడు. ఆమె గుమ్మంలో ఆగి, లోపల ఎవరూ లేరని చూసుకుని, వచ్చి రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుంది. చేతిలో బుట్ట. జుట్టు దువ్వుకోలేదు. కళ్లు ఎర్రగా ఉన్నా తడి లేదు.

"ఇవాళ గడువని పొద్దున్న గుర్తు చేశారండీ ఆయన," అంది. "ఎలాగైనా మిమ్మల్ని కలిసి రమ్మన్నారు. పొద్దున్నే రావాల్సింది. కుదరలేదు."

"ఎలా ఉన్నాడమ్మా?"

"పదకొండున్నరకి పోయారండీ."

ఆమె అది బస్సు పోయిందన్నట్టు చెప్పింది. గడువయ్య లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. పదకొండున్నరకి టైపిస్టు మూడో ప్రతి కొడుతూ ఉండాలి.

"మా తమ్ముడు ఆసుపత్రిలో కాగితాల పని చూస్తున్నాడు. ఆయన్ని రాత్రి లోపల ఇస్తారట. అంతదాకా అక్కడ కూర్చుని ఏం చెయ్యను? ఆఖరికి చెప్పిన పని ఇదొక్కటే కదాని వచ్చాను." ఆమె బుట్టను కుర్చీ పక్కన నేల మీద పెట్టింది. "సంతకం అయిందా అండీ?"

ఆయన సర్టిఫికెట్ తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. "పనులన్నియు... సంతృప్తికరముగా... పూర్తి చేసి..." అక్కడ ఆగింది. మళ్లీ అందుకుని, కింద సంతకం దాకా చదివింది. ముఖంలో ఏదో సడలింది.

"పోన్లెండి. ఒక్క పూట ముందొచ్చుంటే చూసుకునేవారు. ఐతే ఇల్లు మాకు వచ్చేసినట్టేనా అండీ?"

ఏదో ఒకటి చెప్పి పంపొచ్చు. నోటీసు ఎలాగూ రేపు వెళ్తుంది. చెప్పేపని అదే చూసుకుంటుంది.

"లేదమ్మా," అన్నాడు. "హామీ డబ్బు అడుగుతూ బ్యాంకుకి ఉత్తరం వెళ్లింది. ఈ సంతకం దాని తర్వాత పెట్టారు."

"ఎవరు పట్టుకెళ్లారు?"

"నేనేనమ్మా."

"ఎప్పుడు?"

"ఇవాళే. నాలుక్కి పది నిమిషాలుందనగా."

"పది నిమిషాలు," అంది ఆమె. నిందగా అనలేదు. లెక్క సరిచూసుకున్నట్టు అంది.

ఆయన గబగబా తెల్ల కాగితం లాక్కున్నాడు. "డబ్బు వాపసు అడగొచ్చమ్మా. అర్జీ నేనే రాసిస్తాను. ఈ సర్టిఫికెట్ నకలు, బ్యాంకు రసీదు, తర్వాత వారసుల ధ్రువపత్రం..." తన నోట్లోంచి ఆ మాట వినిపించాక కలం ఆగిపోయింది. సొంత పేరు మీద పని చెయ్యాలనుకున్న మనిషి మధ్యాహ్నానికి వారసుల గడిలోకి జరిగిపోయాడు.

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

ఆమెకు ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. "మూడేళ్లు. ఎక్కువే పట్టొచ్చు."

"బ్యాంకు అన్నాళ్లు ఆగుతుందా?"

"ఆగదమ్మా."

ఆమె చాలాసేపు ఆయన వైపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఈ ఆఫీసులో మనల్ని కూర్చోమన్నది మీరొక్కరేనని ఎప్పుడూ అనేవారండీ," అంది. "ఎవరొచ్చినా చెప్పేవారు. నిన్న కూడా పక్క మంచమాయనకి చెప్పారు." సర్టిఫికెట్‌ను జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది. "ఇది నేను ఉంచుకోవచ్చా?"

"మీదేనమ్మా."

"గోడకి పెట్టుకుంటాను. గోడ ఉన్నన్నాళ్లు."

లేచి వెళ్లిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కింది దాకా వినిపించి ఆగిపోయింది.

ఏడు నెలలకు ఆ ఇల్లు వేలంలో పోయింది. వాపసు అర్జీ ఎన్నో బల్లలు దాటి, వారసుల ధ్రువపత్రంలో ఒక అక్షరం తేడా ఉందని వెనక్కొచ్చింది. దాన్ని దిద్దించి మళ్లీ పంపడానికి అప్పటికి గడువయ్య అక్కడ లేడు. ఆయన అనుకున్న తేదీకే రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో ఇంజనీరు మాట్లాడుతూ, ఈయన చేతుల మీదుగా ఇరవై రెండేళ్లలో ప్రభుత్వానికి ఒక్క గడువు కూడా తప్పలేదని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన భార్య వెనక వరసలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. కూతురు రాలేదు.

కానీ అవన్నీ తర్వాత. ఆ సాయంత్రం ఆయన రిజిస్టరు బీరువాలో పెట్టి, తలుపు మోకాలితో నెట్టి, రెండు తాళాలూ వేసి, వెళ్లబోతూ వెనక్కి చూశాడు. బుట్ట కుర్చీ పక్కనే ఉంది. తీసుకుని మెట్లు దిగి గేటు దాకా వెళ్లాడు. రోడ్డు మీద బస్సుల కోసం నిలబడ్డ జనంలో ఆమె కనిపించలేదు. ఎటు వెళ్లిందో, ఆసుపత్రి ఏ వైపో కూడా ఆయన ఎప్పుడూ అడగలేదు. వెనక్కొచ్చి బుట్టను ఆ కుర్చీలో పెట్టాడు.

లోపల ఒక తువ్వాలు, ఒక గ్లాసు, మూత బిగించిన ఎర్ర ఫ్లాస్కు. ఎత్తి చూస్తే నిండుగా, బరువుగా ఉంది. మూత మీద అంటించిన మందుల ప్లాస్టరు ముక్క మీద నీలం సిరాతో మంచం నంబరు రాసి ఉంది, ముప్పై నాలుగు.